తుప్పుపై పూత

రంగు పూసిన వస్తువును చూచినపుడు లోకులకు రెండు విరుద్ధభావములు కలుగుచుండును. ‘పైన పటారము, లోన లొటారము’ అను సామెత తెలుగువారి నాలుకపై నెల్లప్పుడు ఆడుచునే యుండును. మెరుపున్నచోట మోసముండు నేమో యని ఆ సామెత హెచ్చరించుచున్నది. కాని అదే తెలుగునాట సంక్రాంతి దగ్గరపడిన దనగా పాతగోడలకు సున్నము కొట్టింతురు, అరుగులు అలుకుదురు, గడపలకు పసుపు పూయుదురు. ఆ యింటికి వచ్చిన చుట్టమెవ్వడును ‘ఇది కపట’ మని తలంపడు; పైగా ఇల్లు కళకళలాడుచున్నదని సంతోషించును. ఒకచోట పూత కపటము, వేరొకచోట శుచి. ఈ రెంటి నడుమ గీత యెక్కడ నున్నది?

గోడ విషయమున ఈ ప్రశ్నకు సమాధాన మాలస్యమైనను పెద్దగా నష్టము లేదు. పూతక్రింది వస్తువును నమ్ముకొని మనుష్యులు ప్రాణములతో ప్రయాణము చేయునపుడు మాత్రము ప్రశ్న బరువెక్కును. అట్టి వస్తువొకటి పాశ్చాత్యదేశములలో కలదు. దానిని ‘క్యాంపరు వ్యాను’ అందురు. చూచుటకు చిన్న బస్సువలె నుండును. లోపల మడతబల్ల, రాత్రివేళ పడకగా మారు ఆసనము, చిన్న పొయ్యి, నీళ్లతొట్టి, బట్టల అలమర యుండును. సెలవులలో కుటుంబమంతయు దానియందే వండుకొని తిని, నిద్రించి, సముద్రతీరములకును కొండలకును పోయివచ్చును.

ఈ జాతి బండ్లలో పేరుగన్నది ఫోక్స్‌వాగన్ సంస్థవారి ‘టైప్ 2’. 1947లో బెన్ పాన్ అను డచ్చివర్తకుడు తన చేతిపుస్తకమున గీసిన పెట్టెవంటి బొమ్మయే దానికి బీజము. 1950లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గున దాని నిర్మాణ మారంభమైనది. 1956లో హానోవరు నగరమునకు తరలినది. 1951 నుండి వెస్ట్‌ఫాలియా సంస్థవారు వానియందు పడకలును పెట్టెలును అమర్చి విహారవాహనములుగా చేయసాగిరి. ఇంగ్లండున ఫోక్‌స్టన్ పట్టణమునందలి మార్టిన్ వాల్టర్ సంస్థవారు ‘డార్మొబైల్’ అను పేరిట, పైకప్పు లేవనెత్తుటకు వీలగు బండ్లను తయారుచేసిరి. జర్మనీలో టైప్ 2 రెండవ తరము 1979లో ముగిసినది. బ్రెజిలు దేశమున మాత్రము 2013 వరకు సాగినది. కావున ఇంగ్లండు రోడ్లపై నేడును తిరుగుచున్న ఈ జర్మను బండ్లలో ఏబది యేండ్లు నిండినవి పెక్కు. తాతలనాటి మంచమువలె ఇవి ఒక తరమునుండి మరియొక తరమునకు చేరుచున్నవి.

ఈ బండికి ఒక విశేషము కలదు. లారీకి చట్ట మొకటి, దానిపై తొట్టి యొకటి వేరువేరుగా నుండును. దీనికట్లు కాదు. నేల, ప్రక్కరేకులు, క్రింది దూలములు అన్నియు ఒకదానితో నొకటి అతికి ఏకశరీరమై నిలిచియుండును. చర్మమును ఎముకయు ఒక్కటే యన్నమాట. ద్వారముల క్రింది పొడవాటి రేకుపెట్టెలు తుప్పుపట్టిన యెడల చెడునది అందము మాత్రమే కాదు. బండి బలమే సడలును. ఇంగ్లండున చలికాలమందు మంచు గడ్డకట్టకుండుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రముల మీది వంపులలోను, రేకుల అతుకులలోను, అద్దముల చుట్టునుండు రబ్బరుక్రిందను చేరి నిలుచును. ఇనుము నీటితోను గాలితోను కలిసి తుప్పగును. ఉప్పు ఆ పనిని త్వరపెట్టును. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును; అందుచేతనే పైరంగు బొబ్బలుగా ఉబ్బును. రంగుపై కనబడు బొబ్బ రోగము కాదు, రోగలక్షణము.

ఇట్టి బండి నొక గృహస్థుడు కొనె ననుకొందము. రంగు వెలసి, అక్కడక్కడ పెచ్చులూడి యున్నది. వృత్తిగా రంగులు వేయు షెడ్డునకు తీసికొనిపోయిన యెడల వారడుగు సొమ్ము బండివెలలో పెద్దపాలగును. పిచికారి తుపాకితో ఇంటివద్ద తానే కొట్టుకొందమన్న, నేటి గట్టిరంగులలో పెక్కింట ఐసోసయనేటులను రసాయనములుండును. వాని తుంపరను పీల్చినవారికి ఉబ్బసము పట్టును. ఇంగ్లండున వాహనములకు రంగుకొట్టు పనివారిలో వృత్తిజన్యమైన ఉబ్బసమునకు ఇదియే ముఖ్యకారణములలో నొకటి. స్వచ్ఛమైన గాలి గొట్టముద్వారా వచ్చు ముసుగు లేనిదే ఆ పని కూడదు. పొరుగువాని బండిమీదను, ఆరవేసిన బట్టలమీదను ఆ తుంపర పడుట వేరొక తంటా. అందుచే గృహస్థుడు నాలుగంగుళముల స్పాంజి రోలరును, సాధారణ ఎనామిలు డబ్బాను తెచ్చుకొనును. ఇది విని నవ్వువారు కలరు. ‘గోడకు వేయు రోలరుతో బండికా?’ అని వారి యాక్షేపణ.

నవ్వువారు కొంచెము చరిత్ర తెలిసికొనవలెను. పిచికారి తుపాకి వచ్చుటకు ముందు గుఱ్ఱపుబండ్లకును తొలినాటి మోటారుబండ్లకును రంగు కుంచెతోనే వేయుచుండిరి. పూతపై పూతగా వేసి, ప్రతి పూతను ఆరబెట్టి, నున్నగా రుద్ది, మరల పూయుటకు వారముల కాలము పట్టెడిది. 1923-24 ప్రాంతమున డ్యూపాంటువారి ‘డ్యూకో’ అను శీఘ్రముగా నారు రంగు అమెరికాలో వెలువడిన పిదప కర్మాగారములలో ఆ పని గంటలలోనికి తగ్గినది. అనగా చేతిపూత హీనమని విడువబడలేదు; ఆలస్యమని విడువబడినది. ఇంగ్లండు కాలువలలో తిరుగు పొడవాటి పడవలకు ఇప్పటికిని కుంచెతోను రోలరుతోను రంగువేయు ఆచారము నిలిచియున్నది. తీరిక గల గృహస్థునకు ఆలస్యమొక దోషము కానేరదు.

ఇక పని విధానము. రంగును కొద్దిపాటి థిన్నరుతో పలుచబరచి, రోలరుతో పలుచని పొరగా పరతురు. వెంటనే మెత్తని కుంచెమొనతో పైపైన ఒక్కమారు నిమిరిన యెడల బుడగలు అణగును. ఆరనారంభించిన చోటికి మరల రోలరును తీసికొనిపోరాదు. తీసికొనిపోయిన యెడల రంగు ముద్దకట్టి లేచివచ్చును. ఈ రంగు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడునట్టిది. కావున మందముగా పూసినచో పైపొర ముందుగా బిగిసి, లోపలిది పచ్చిగానే యుండి, పాలమీది మీగడవలె ముడుతలు పడును. పలుచని పూతలు నాలుగైదు వేయుటయే మేలు. నడుమ నడుమ సన్నని ఉప్పుకాగితమును నీటితో తడిపి రుద్దవలెను. పాతరంగులలో సీసము కలిసియుండుట కలదు గనుక పొడిగా రుద్ది ఆ ధూళిని పీల్చుట ప్రమాదము. సాయంకాలపు మంచు పడిన మెరుపు చచ్చును. ఎండలో వేసిన కుంచెగీతలు నిలిచిపోవును. ఇవియన్నియు కుదిరిన దినమున ఎక్కడినుండియో ఒక యీగ వచ్చి పచ్చిరంగుపై వ్రాలును. దానిని వ్రేలితో తీయబోయి రెండంగుళముల మేర పాడుచేసికొనని రంగువాడు లోకమున నుండడు.

కాని ఈ రంగువేయుట యంతయు మొత్తము పనిలో చిన్నభాగము. అసలు పని అంతకు ముందే జరుగును, లేదా జరుగకపోవును. ధర్మప్రశ్న యంతయు ఇచ్చటనే యున్నది.

బొబ్బ కనబడిన చోట గోకిన గాని లోపలి సంగతి తెలియదు. గోకినకొలది రంధ్రము పెద్దదగును. అరచేతియంత యనుకొన్నది మోచేయియంత యగును. అట్టియెడ రెండు త్రోవలు కలవు. మొదటిది కష్టమైనది. పుచ్చిన రేకును మెరయు ఇనుము కనబడువరకు కోసివేసి, క్రొత్తరేకు వెల్డింగుచేసి, అతుకులు మూసి, తుప్పును నిరోధించు ప్రైమరు పూసి, ఆపై రంగు వేయుట. ప్రైమరు తేమను పూర్తిగా ఆపజాలదు గనుక దానిని నెలల తరబడి రంగులేక వదలరాదు. రెండవ త్రోవ సులభము. రంధ్రములో జాలీముక్క యొకటి కుక్కి, లప్పము మెత్తి, రుద్ది, ఆ మీద రంగు వేయుట. ఈ పని ఒక మధ్యాహ్నములో ముగియును. లప్పము తనంతట చెడ్డది కాదు. గట్టిరేకుపైనున్న సొట్టను పూడ్చుటకు అది తగినది. రేకు లేనిచోట రేకుగా నటించునపుడే అది దోషము. రంగు ఆరిన పిమ్మట ఈ రెండు పనులకును పైకి భేదమేమియు కనబడదు. కనబడుటకు ఏడాదియో రెండేండ్లో పట్టును.

పందొమ్మిదవ శతాబ్దమున జాన్ రస్కిన్ అను ఆంగ్లపండితుడు ఇంచుమించుగా ఈ ప్రశ్ననే కట్టడముల విషయమున విచారించెను. 1849లో వెలువడిన ‘ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’ అను గ్రంథమున సత్యమును గూర్చిన అధ్యాయ మొకటి కలదు. ఇటుకగోడకు గారపూసి, దానిపై రాళ్ల అతుకులవలె గీతలు గీచుట అసత్యమని ఆయన మతము. వట్టి సున్నపుపూతను మాత్రము ఆయన అసత్యమనలేదు. సున్నము సున్నముగానే కనబడును. తనక్రింద నేమున్నదో అది యేమియు చెప్పదు. అబద్ధ మాడవలెనన్న ముందుగా ఏదో యొకటి పలుకవలెను గదా! సంక్రాంతి సున్నమును ఏ చుట్టమును ఎందుకు తప్పుపట్టడో రస్కిన్ గారి వాదమువలన కొంత తెలియుచున్నది.

అయితే ఈ వాదమును అట్లే తెచ్చి బండికి తగిలించుట కుదరదు. గోడకు సున్నము కొట్టినవాడు గోడ గట్టిదని పలుకుట లేదు, నిజమే. బండి రంగు కూడ నోరువిప్పి ఏమియు చెప్పదు. కాని మౌనమున కర్థము వినువాని యెదురుచూపును బట్టి యుండును. పాతబండిని చూడవచ్చినవాడు నున్నని రంగును చూచి, క్రిందిరేకు గట్టిదని యనుకొనును. అతడట్లు అనుకొనునని పూసినవానికి తెలియును. తెలిసి పూసినపుడు ఆ పూత పలుకుటయే యగును. కావున పూత సత్యమా, అసత్యమా యనునది రంగులో లేదు, రోలరులో లేదు. ఎదుటివాడు దానిని ఎట్లు చదువునో యెఱిగి పూసినవాడు దానిక్రింద నేమి యుంచెను అనుటలో నున్నది. రస్కిన్ గారు కట్టడమును మాత్రమే చూచిరి. కొనువాని ముఖమును చూడలేదు.

ఇచ్చట రోలరుపూతకు ఒక చిత్రమైన గుణము చెప్పవలసియున్నది. ఎంత రుద్దినను దానియందు నారింజతొక్కవంటి సన్నని గరుకు కొంత మిగులును. షెడ్డులో కొట్టిన రంగు అద్దమువలె నుండి చూచువాని నోరు మూయించును. రోలరుపూత చూచువానిచేత ప్రశ్నలడిగించును. ‘ఇది యింటివద్ద వేసినదా? క్రింద నేమి చేసితిరి?’ అని అడుగక మానడు. అందుచే వినయముగల పూతయే సత్యమునకు దగ్గర యని చెప్పబుద్ధి పుట్టును. కాని అదియు పూర్తిగా నమ్మదగినది కాదు. ‘చేతిపని అండీ, అమాయకముగా చేసికొన్నది’ అను మాటను ముసుగుగా వాడుకొను జాణలును లోకమున లేకపోలేదు. మెరుపుతో మోసగించువానికంటె వినయముతో మోసగించువాడు పట్టుబడుట కష్టము.

చట్టము దీనిలో ఎంతదూరము తోడువచ్చును? ఇంగ్లండున 1960 నుండి పాతవాహనములకు ఏటేట తనిఖీ కలదు. దానిని ఎం.ఓ.టి. పరీక్ష యందురు. మొదట పదియేండ్లు నిండిన బండ్లకు పెట్టి, 1967 నాటికి మూడేండ్లు నిండినవానికి వర్తింపజేసిరి. తనిఖీదారు రేకును తట్టి, నొక్కి చూడవచ్చును. విప్పి చూచుటకు వీలులేదు. సీటుబెల్టు బిగించు చోటులకు ముప్పది సెంటీమీటర్లలోపల రేకు పుచ్చినచో బండి తప్పును. మంచి నియమమే. అయితే 2018 మే 20 నుండి, నలుబదియేండ్లు దాటి, పెద్దమార్పులు చేయబడని బండ్లకు ఆ తనిఖీ అవసరము లేదని సడలించిరి. బండిని రోడ్డుకు తగినట్లుంచు బాధ్యత మాత్రము యజమానిదే యని చట్టము చెప్పుచున్నది. ఇందు వింత యేమనగా, బండి రంగును తెలుపునుండి నీలమునకు మార్చినచో ఆ సంగతిని ప్రభుత్వ కార్యాలయమునకు తెలుపవలెను. ఆ నీలము క్రింద ఇనుమున్నదా, లప్పమున్నదా యని అడుగువాడు లేడు.

అమ్మకము సంగతియు నట్లే. అక్కడి చట్టము ప్రకారము ఒక సామాన్యగృహస్థుడు తన బండిని మరియొకరికి అమ్మునపుడు అబద్ధము చెప్పరాదు. ఉన్నదానికి లేనివర్ణన చేయరాదు. కాని అడుగని లోపములను తానుగా చెప్పితీరవలె నను నిర్బంధము సామాన్యముగా లేదు. చూచి కొనుట కొనువాని పూచీ. ధర్మము ఈ గీతవద్ద ఆగదు. గోవు నమ్మునపుడు అది తన్నునని చెప్పి యమ్ము రైతు పల్లెలలో నుండును. చెప్పనివాడు చట్టము తప్పినవాడు కాడు గాని మరుసటి సంతలో వాని గోవును ఎవ్వడును కొనడు. బండిసంతలో మనుష్యులు మరల మరల కలిసికొనరు. సంత పెద్దదైనకొలది చెప్పుటయో మానుటయో యను భారమంతయు ఒక్కని మనస్సుపైననే పడుచున్నది.

దీనికి బండ్ల నభిమానించువారిలో కొందరు ఒక మంచి యుపాయము నవలంబించుచున్నారు. పుచ్చినరేకు కోసినపుడొకటి, క్రొత్తరేకు అతికినపుడొకటి, ప్రైమరు వేసినపుడొకటి, ఇట్లు దశదశకు ఫోటోలు తీసి, రసీదులతో కూడ నొక సంచికగా కట్టి బండితోబాటు ఉంచుదురు. కొనవచ్చినవానికి ముందుగా ఆ సంచికను చేతికిత్తురు. లప్పము పెట్టినచోట లప్పమనియే వ్రాయుదురు. పూత కప్పివేసినదానిని ఆ సంచిక విప్పిచూపును. అట్టి సంచిక తోడున్న బండి వెలయు హెచ్చుగనే పలుకును. సత్యమునకు లాభమెప్పుడును రాదను మాట సరికాదు.

పాతరంగును అసలు మార్చవచ్చునా యను వేరొక వివాదము కూడ నున్నది. 1964లో వెనిస్ నగరమున చారిత్రకకట్టడముల రక్షణకై ఒక నియమావళి కుదిరినది. దాని ననుసరించి పాతవాహనములకును ట్యూరిన్ పేరిట నియమావళి యొకటి తరువాత ఏర్పడినది. కర్మాగారమునుండి వచ్చిన తొలిరంగు మిగిలియున్నచో అది చరిత్రసాక్ష్యమనియు, వీలైనంత కాపాడవలె ననియు ఆ వాదము. ప్రదర్శనశాలకు పోవు బండ్ల విషయమున ఇది సమంజసమే. ఏటేట పిల్లలతో వానలో సముద్రతీరమునకు పోవు బండికి మాత్రము, ఇనుమును కాపాడని రంగు చరిత్రయైన నేమి, కాకున్న నేమి!

ఇంతకును మోసమును గూర్చిన ఈ విచారణయంతయు కొనువానిని దృష్టియం దుంచుకొని సాగినది. కాని పెక్కుమంది తమ బండిని అమ్ముకొనరు. అట్టివాడు పుచ్చుపై లప్పము మెత్తి రంగు వేసినచో మోసపోవునది ఎవ్వరు? ఆ ఆసనముపై బెల్టు బిగించుకొని కూర్చుండునది అతని భార్య. వెనుకపడకపై నిద్రించునది అతని పిల్లలు. లప్పము మెత్తిన మరునాడు అతనికి చోటు గుర్తుండును. ఆరునెలలకు ‘గట్టిగనే యున్నదిలే’ యనుకొనును. రెండేండ్లకు తానే ఆ నున్నని ప్రక్కను చూచి, బండి బాగుగ నున్నదని నలుగురితో చెప్పును. అప్పటికి అతడు అబద్ధమాడుట లేదు, నమ్మియే చెప్పుచున్నాడు. తన పూత తననే నమ్మించినది. ఇతరులను మోసగించువానికి సత్యమైనను తెలిసియుండును; ఇతనికి అదియు లేదు. కావున ఈ రెండింటిలో ఇదియే ఎక్కువ భయంకరము.

ఎత్తైన ఆ బండికి పైకప్పు నేలపై నిలుచున్నవారికి కనబడదు. అందుచే అక్కడ ఒక్క పూతతో సరిపెట్టువారే హెచ్చు. పైకప్పు అంచున వాననీరు పారు సన్నని కాలువ యొకటి కలదు. అందలి అతుకు పగిలినయెడల నీరు ప్రక్కరేకు లోపలిగా దిగి క్రిందిపెట్టెలలో చేరును. క్రింద కనబడు బొబ్బకు మూలము పైన కనబడనిచోట నున్నదన్నమాట. నిచ్చెన వేసికొని, మోకాళ్లపై వంగి, ఆ కాలువను మొనకుంచెతో శుభ్రపరచి, అతుకు మూసి, నాలుగు పూతలు వేసినవానిని వీధిలో నెవ్వరును మెచ్చుకొనరు. ఒక్క పూతతో దిగివచ్చినవానిని తప్పుపట్టు వారును లేరు.

రంగువేసిన రెండవయేడు చలికాలము గడచి, ఉప్పునీరు కడిగిన ఒక శనివారమున, గృహస్థుడు చక్రపువంపుమీద వేరుసెనగ గింజయంత బొబ్బను చూచును. రోలరు డబ్బాలో రంగు ఇంకను మిగిలియున్నది. దానిపై ఒక్కచుక్క తాకించిన ఎవ్వరికిని కనబడదు. వచ్చువారము కుటుంబమంతయు సముద్రతీరమునకు పోవుటకు సిద్ధమై యున్నది. అతడు లోపలికి పోయి, స్క్రూడ్రైవరు తెచ్చి, దాని మొనతో ఆ బొబ్బను గుచ్చి చూచును. మొన సగము వరకు దిగిపోవును. పిల్లలు వచ్చి ఏమైనదని అడుగుదురు. ‘ఈ వారము పోలేమురా’ అని చెప్పి, అతడు పెచ్చులను గోకుట కారంభించును.